పోలియో కాలుతో చిన్న విమానం నడపడం నేర్చుకోవాలంటే: ఏది ముందు, ఏది తర్వాత

నాకు రెండేళ్ల వయసులో పోలియో వచ్చి కుడి కాలు పడిపోయింది. తొడ నుంచి మడమ దాకా కాలిపర్ వేసుకుని కర్ర సాయంతో నడుస్తాను. పుట్టింది తెనాలి దగ్గర, ఉండేది టెక్సాస్‌లో, పైపర్ చెరోకీ అనే నాలుగు సీట్ల విమానం మీద ప్రైవేట్ పైలట్ లైసెన్స్ తీసుకున్నదీ ఇక్కడే. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి ఇక్కడున్న మనవాళ్లు అప్పుడప్పుడూ ఫోన్ చేసి అడుగుతుంటారు, "అన్నా, నాకు నడుం కింద స్పర్శ లేదు, నేను నేర్చుకోవచ్చా?" అని, "మా అబ్బాయికి ఒక చెయ్యి లేదు, వాడికి లైసెన్స్ ఇస్తారా?" అని. చాలామందికి నేను చెప్పే జవాబు నేర్చుకోవచ్చనే. కాకపోతే ఏ పని ముందు చెయ్యాలో, ఏది తర్వాత చెయ్యాలో తెలియక నాలాగే నెలలకి నెలలు పోగొట్టుకుంటున్నారు, కొందరైతే తెరిచి ఉన్న దారిని తెలియకుండా తామే మూసేసుకుంటున్నారు. అది చూడలేక ఇదంతా రాస్తున్నాను. ఇందులో చెప్పే నిబంధనలు అమెరికావి.

నేర్చుకుంటానని చెప్పినప్పుడు మా నాన్న ఫోన్లో, "కింద నడవడానికే అంత అవస్థ పడతావు, పైకెందుకురా నాన్నా" అన్నారు. ఆయనకి డగ్లస్ బాడర్ గురించి చెప్పాను. 1931లో విమాన ప్రమాదంలో రెండు కాళ్లూ పోయిన బ్రిటిష్ పైలట్, కృత్రిమ కాళ్లతోనే రెండో ప్రపంచ యుద్ధంలో ఫైటర్ విమానాలు నడిపాడు. జెస్సికా కాక్స్ గురించీ చెప్పాను. పుట్టుకతోనే రెండు చేతులూ లేని అమెరికన్ అమ్మాయి, 2008లో స్పోర్ట్ పైలట్ (చిన్న, తేలికపాటి విమానాలకి ఇచ్చే) లైసెన్స్ తెచ్చుకుంది. ఆమె నడిపేది ఎర్కూప్ అనే పాత రకం రెండు సీట్ల విమానం. దాంట్లో యోక్ (స్టీరింగ్ లాంటి పిడి) తిప్పితే రడ్డర్ (ముక్కుని పక్కలకి తిప్పే తోక పలక) కూడా దానంతటదే కదులుతుంది, విడిగా కాళ్లతో తొక్కే రడ్డర్ పెడల్స్ అక్కర్లేదు. అందుకే ఒక పాదంతో యోక్, ఇంకో పాదంతో థ్రాటిల్ (ఇంజిన్ పవర్ పెంచి తగ్గించే పిడి) పట్టుకుని నడపగలిగింది. ఆ అమ్మాయి పట్టుదల గొప్పదే, దాంతోపాటు తన శరీరానికి సరిపోయే విమానం వెతికి పట్టుకోవడం కూడా ఉంది చూడండి, మీరు ముందు నేర్చుకోవాల్సింది అదే.

ఇక అసలు విషయం. ఉత్సాహంలో చాలామంది మొదట చేసే పని అమెరికా విమానయాన శాఖ ఎఫ్.ఏ.ఏ వాళ్ల మెడికల్ ఫామ్ ఆన్‌లైన్‌లో నింపి డాక్టర్ దగ్గరికి పోవడం. నేనూ అదే చేశాను. దయచేసి ఆగండి. ఫామ్ నింపినంతవరకూ ఏమీ కాదు, 60 రోజుల్లోపు డాక్టర్ దగ్గరికి వెళ్లకపోతే అది దానంతటదే పోతుంది. కానీ పరీక్ష చేసే డాక్టర్ ఆ ఫామ్‌ని తన కంప్యూటర్లో తెరిచిన క్షణం నుంచి అది అధికారిక దరఖాస్తు, ఇంక వెనక్కి తీసుకోలేరు. ఇక్కడ మెలిక ఏంటంటే, స్పోర్ట్ పైలట్‌కి మెడికల్ సర్టిఫికెట్ అక్కర్లేదు, అమెరికా డ్రైవింగ్ లైసెన్స్ చాలు. కానీ మీరు ఆఖరుసారి పెట్టిన మెడికల్ దరఖాస్తు తిరస్కరణ అయి ఉంటే డ్రైవింగ్ లైసెన్స్ దారి మూసుకుపోతుంది. అసలు దరఖాస్తే పెట్టనివాడికి తెరిచి ఉన్న తలుపు, పెట్టి కాదనిపించుకున్నవాడికి ఉండదు. వాళ్లు అడిగిన కాగితాలు గడువులోపు పంపకపోయినా అది తిరస్కరణగా ముగిసే ప్రమాదం ఉంది. నా దరఖాస్తు మొదటి రోజే పై ఆఫీసుకి వెళ్లిపోయింది. కండరాల బలం గురించి న్యూరాలజిస్ట్ రిపోర్ట్ కావాలన్నారు, చిన్నప్పటి వైద్యం వివరాలు కావాలన్నారు, మా ఊళ్లో ఆ రోజుల్లో చీటీ మీద రాసిచ్చిన మందులకి కాగితాలెక్కడివి? అవన్నీ కూడబెట్టి పంపేసరికి చాలా నెలలు గడిచాయి, ఆ నెలలంతా నా దరఖాస్తు ఏమవుతుందోనని ఒకటే టెన్షన్.

కాబట్టి ముందు ఏ దారిలో వెళ్తారో తేల్చుకోండి. కార్ నడుపుతున్నారా, హ్యాండ్ కంట్రోల్స్‌తో అయినా సరే, లైసెన్స్ ఉందా? అయితే మొదట స్పోర్ట్ పైలట్ గురించి ఆలోచించండి. కనీసం 20 గంటల శిక్షణ, అందులో 15 ఇన్‌స్ట్రక్టర్‌తో, 5 ఒంటరిగా. మామూలుగా పగలే నడపాలి, వెంట ఒక్కరినే ఎక్కించుకోవాలి. ఒకప్పుడు ఈ లైసెన్స్‌తో రెండు సీట్ల తేలికపాటి విమానాలే నడపనిచ్చేవారు, వాటిలో హ్యాండ్ కంట్రోల్స్ ఉన్నవి వెతకడమే పెద్ద పని. 2025 అక్టోబరు 22 నుంచి కొత్త నిబంధనలు వచ్చాయి, చెరోకీ, సెస్నా 172 లాంటి నాలుగు సీట్ల విమానాలు కూడా చాలావరకూ స్పోర్ట్ పైలట్లు నడపొచ్చు. మనలాంటివాళ్లకి ఇది చాలా పెద్ద మార్పు, నేను నేర్చుకునే రోజుల్లో ఉండుంటే నా కథ వేరేగా ఉండేది. కాకపోతే డ్రైవింగ్ లైసెన్స్ ఉంది కదా అని సరిపోదు, విమానం నడపడానికి అడ్డొచ్చే జబ్బు ఏదైనా ఉందని మీకు తెలిస్తే నడపకూడదు, ఆ నిర్ణయం నిజాయితీగా మీరే తీసుకోవాలి.

ప్రైవేట్ పైలట్ కావాలంటే కనీసం 40 గంటలు, నిజానికి చాలామందికి అంతకంటే ఎక్కువే పడతాయి, మెడికల్ సర్టిఫికెట్ కూడా కావాలి. ఇక్కడ ఒక మంచి ఏర్పాటు ఉంది, దాన్ని సోడా (SODA) అంటారు, అంటే లోపం ఉన్నా నడపగలమని చేసి చూపించినందుకు ఇచ్చే పత్రం. కాలు లేకపోవడం, చెయ్యి లేకపోవడం, పక్షవాతం వచ్చి అక్కడితో ఆగిపోవడం, ఇలా ముదరకుండా స్థిరంగా ఉండే లోపాలకి ఇది ఇస్తారు. మొదట విద్యార్థిగా మాత్రమే చెల్లే మెడికల్ ఇస్తారు, శిక్షణ అయ్యాక ఎఫ్.ఏ.ఏ ఇన్‌స్పెక్టర్ మీతో విమానంలో కూర్చుని మీరు కంట్రోల్స్ అన్నీ అందుకోగలరా, అత్యవసరం వస్తే సర్దుకోగలరా, నేల మీద విమానంలోంచి బయటపడగలరా అని చూస్తారు. అది దాటితే సోడా చేతికొస్తుంది, మీ పరిస్థితి మారనంతవరకూ దానికి గడువు లేదు. ఈ దారిలో వెళ్లేవాళ్లు దరఖాస్తు పెట్టకముందే పైలట్ల మెడికల్స్ చేసే డాక్టర్ని ఒకసారి ఊరికే సలహా కోసం కలవండి, ఫామ్ తెరవడానికి వాడే నంబర్ ఇవ్వకుండా. ఏ కాగితాలు కావాలో రాయించుకుని, అవన్నీ ఫైల్లో పెట్టుకున్నాకే అసలు పరీక్షకి వెళ్లండి.

వైకల్యం కంటే మందులే ఎక్కువమందిని ఆపుతాయి, ఈ మాట గుర్తుపెట్టుకోండి. నరాల నొప్పికి వాడే గాబాపెంటిన్‌ని ఎఫ్.ఏ.ఏ ఒప్పుకోదు. జలుబుకి వేసుకునే బెనడ్రిల్ మాత్రలో ఉండే డైఫెన్‌హైడ్రమీన్ వేసుకుంటే 60 గంటలు విమానం ముట్టుకోకూడదు. మీరు రోజూ వేసుకునే ప్రతి మాత్ర పేరూ ముందే డాక్టర్‌కి చూపించండి, కానీ మానేసే నిర్ణయం మాత్రం మీ సొంతంగా తీసుకోకండి.

వినికిడి లేనివాళ్లకి కూడా దారి ఉంది. కాల్‌బ్రెయిత్ రాడ్జర్స్ అనే చెవిటి పైలట్ 1911లో అమెరికా ఒక తీరం నుంచి ఇంకో తీరం దాకా మొదటిసారి విమానంలో దాటాడు. ఇప్పుడు మెడికల్ మీద రేడియో తప్పనిసరి అయిన చోట నడపకూడదని రాస్తారు, కంట్రోల్ టవర్ లేని ఎయిర్‌పోర్టులు అమెరికాలో వేలల్లో ఉన్నాయి కాబట్టి అక్కడ నేర్చుకోవచ్చు.

అమెరికా పౌరసత్వం లేనివాళ్లు, గ్రీన్‌కార్డ్ ఉన్నా సరే, శిక్షణ మొదలుపెట్టే ముందు టి.ఎస్.ఏ (అమెరికా రవాణా భద్రతా సంస్థ) అనుమతి తీసుకోవాలి. వేలిముద్రలు, ఫీజు, కొన్నాళ్ల ఎదురుచూపు ఉంటాయి. ఇది అందరికీ ఒకటే, వైకల్యంతో సంబంధం లేదు.

కాగితాల దారి తేలాక స్కూల్‌కి ఫోన్ చెయ్యండి. "నాకు వైకల్యం ఉంది, నేర్పుతారా?" అని అడిగితే అవతలివాడికి ఏం చెప్పాలో తెలియదు, భయపడి కుదరదంటాడు. నాకు అలా రెండుసార్లు అయింది. మూడోసారి మాట మార్చాను: "నా కుడి కాలు పనిచెయ్యదు, ఎడమ కాలు, రెండు చేతులూ మామూలుగా ఉన్నాయి, బరువు 68 కిలోలు, కర్రతో నడుస్తాను, నడుం ఎత్తు ఉన్న దాని మీదకి చేతులతో ఎక్కగలను. మీ దగ్గర హ్యాండ్ బ్రేక్ ఉన్న చెరోకీ ఉందా, దానికి రడ్డర్ హ్యాండ్ కంట్రోల్ బిగించనిస్తారా?" అంతే, అవతలి మనిషి గొంతు మారిపోయింది, "రేపొచ్చి సీట్లో కూర్చుని చూడండి" అన్నాడు. మీ శరీరం గురించి మీరే ఖచ్చితంగా చెప్పండి, ఊహించుకునే పని వాళ్లకి వదలకండి.

చెరోకీ అని ఎందుకు అంటున్నానంటే, మామూలు విమానాల్లో బ్రేకులు పెడల్స్ పైభాగంలో ఉంటాయి, పాదాల వేళ్లతో తొక్కాలి. పాత చెరోకీల్లో ప్యానెల్ కింద చేత్తో లాగే బ్రేక్ ఉంటుంది. మిగిలేది రడ్డర్ ఒక్కటే, దానికి పెడల్స్‌కి బిగించే కడ్డీ దొరుకుతుంది. మోకాళ్ల మధ్య నుంచి పైకి వస్తుంది, ముందుకు తోస్తే ముక్కు ఒక పక్కకి, వెనక్కి లాగితే ఇంకో పక్కకి. అనుమతి ఉన్న పరికరమే వాడాలి, మెకానిక్ లాగ్‌బుక్కులో రాయాలి, మన చేత్తో తయారు చేసినవి వద్దు. ప్రమాదమే కాదు, ఇన్సూరెన్స్ కూడా చెల్లదు.

చెరోకీకి ఇబ్బంది ఏంటంటే తలుపు ఒక్కటే, అదీ కుడి వైపు, రెక్క మీద నుంచి ఎక్కాలి. వీల్‌చైర్ వాడేవాళ్లు కుర్చీని రెక్క వెనక అంచుకి ఆనించి, వీపు విమానం వైపు పెట్టుకుని కూర్చుని, నల్లటి గరుకు పట్టీ మీద చేతులతో వెనక్కి జరుగుతూ పైకి పోవాలి. ఫ్లాప్ (రెక్క వెనక అంచున కిందకి దిగే పలక) పూర్తిగా పైకి ఉందో లేదో ముందే చూసుకోండి, పైకి ఉంటేనే అది లాక్ అయి బరువు మోస్తుంది. తర్వాత కుడి సీట్లోకి దిగి, అక్కడ నుంచి ఎడమ సీట్లోకి జరగాలి. సెస్నా 172కి రెండు తలుపులు ఉంటాయి కానీ సీటు ఎత్తు, పెట్రోల్ ట్యాంకులు రెక్క మీద ఎక్కడో పైన, నిచ్చెన వేసి చూడాలి. చెరోకీ ట్యాంకు మూతలు వీల్‌చైర్‌లో కూర్చున్నవాళ్లకి కూడా దాదాపు అందుతాయి. ఏది మంచిదో ఒక్కొక్కరి భుజాల బలం చెప్తుంది, నేల మీద రెండూ ఎక్కి చూడండి, డబ్బులు కట్టకముందే.

మొదటి రోజు ఇంజిన్ స్టార్ట్ చెయ్యకుండా గంటసేపు సీట్లోనే కూర్చోండి. నేను అలా కూర్చున్నప్పుడే ఒకటి బయటపడింది. కాలిపర్ బూటు మామూలు బూటు కంటే వెడల్పు, రడ్డర్ కడ్డీని చివరిదాకా తోసినప్పుడు కుడి పెడల్ వెనక్కి వచ్చి బూటు మడమ కింద ఇరుక్కుంది. గాల్లో అలా జరిగుంటే? ఆ రోజు నుంచి కుడి పాదాన్ని సీటు వైపు లాగి వెడల్పాటి పట్టీతో కట్టుకుంటున్నాను. కాళ్లలో బిగుసుకుపోయే కుదుపులు వచ్చేవాళ్లకి ఈ పట్టీ ఇంకా ముఖ్యం, కాలు తనంతట తనే పెడల్ మీద పడకూడదు. రడ్డర్‌ని అటు చివరిదాకా, ఇటు చివరిదాకా, యోక్‌ని అన్ని మూలలకీ తిప్పి ఎక్కడా ఏదీ తగలడం లేదని చూసుకున్నాకే ఇంజిన్ మాట.

కర్ర ఎక్కడ పెట్టాలి అన్నది చిన్న విషయంలా ఉంటుంది కానీ కాదు. వెనక సీట్లో బెల్టు వేసి కట్టాలి, ఊగి ముందుకొస్తే కంట్రోల్స్‌కి అడ్డం పడుతుంది. ఇనప కర్ర అయితే దిక్సూచి దగ్గర పెట్టకండి, ముల్లు పక్కకి పోతుంది. వీల్‌చైర్ అయితే ఇంట్లో వెయింగ్ మెషిన్ మీద బరువు చూసి, చక్రాలు విప్పి పెట్టినా మొత్తం బరువునీ బయలుదేరే ముందు వేసే విమానం బరువు లెక్కలో రాయండి, వెనక బరువు ఎక్కువైతే విమానం తోక బరువుతో అదుపు తప్పుతుంది.

ఇప్పుడు అసలైన కష్టం. విద్యార్థి కూర్చునేది ఎడమ సీట్లో, ఎడమ చెయ్యి యోక్ మీద ఉంటుంది. మిగతావన్నీ కుడి చేతివే: థ్రాటిల్, సీట్ల మధ్య ఫ్లాప్ లివర్, ప్యానెల్ కింద బ్రేక్, ట్రిమ్ (ముక్కుని కావలసిన ఎత్తులో నిలిపి యోక్ మీద చేతి భారం తగ్గించేది). ఇప్పుడు రడ్డర్ కూడా దానికే అప్పజెప్పాం. ఐదు పనులకి ఒక చెయ్యి, అందుకే ఆ చేతికి ఏది ముందు ఏది తర్వాత అన్నది నేర్పించాలి, ఆలోచించి చేసే టైమ్ గాల్లో ఉండదు.

టేకాఫ్ తీసుకోండి. ఫుల్ పవర్ ఇవ్వగానే ముక్కు ఎడమ వైపుకి లాగుతుంది, ప్రొపెల్లర్ తిరిగే తీరు వల్ల. దాన్ని ఆపేది కుడి రడ్డర్. "రైట్ రడ్డర్, మోర్ రైట్ రడ్డర్" అని ప్రతి ఇన్‌స్ట్రక్టరూ రోజంతా అరుస్తూనే ఉంటారు, నాకు పనిచెయ్యనిదీ కుడి కాలే. నేను చేసే పద్ధతి ఇది: ఫ్లాపులు, ట్రిమ్ ముందే సర్దేస్తాను. గాలి లేనప్పుడు పరుగు మొదట్లో యోక్‌తో పెద్ద పని ఉండదు కాబట్టి ఎడమ చెయ్యి రడ్డర్ కడ్డీ మీద పెట్టి, కుడి చేత్తో థ్రాటిల్ నెమ్మదిగా, ఒక్కసారి కాకుండా, పూర్తిగా తోస్తాను. అది వెనక్కి జరగకుండా ఫ్రిక్షన్ లాక్ బిగిస్తాను. అప్పుడు కుడి చెయ్యి కడ్డీ మీదకి, ఎడమ చెయ్యి యోక్ మీదకి. ఈ చేతులు మారే క్షణంలోనే నా విమానం మొదట్లో రన్‌వే మధ్య గీత నుంచి ఎడమకి పోయేది. థ్రాటిల్ నెమ్మదిగా తోయడం అలవాటయ్యాకే అది ఆగింది.

దిగేటప్పుడు రన్‌వే దగ్గరికి వచ్చి థ్రాటిల్ పూర్తిగా మూసేశాక చెయ్యి కడ్డీకి వస్తుంది, చక్రాలు తగిలాక కడ్డీతోనే తిన్నగా ఉంచి, వేగం బాగా తగ్గాకే బ్రేక్. ఇక్కడ అందరికంటే మనకి ఎక్కువ కష్టమైనది, దిగడం మానుకుని మళ్లీ పైకి లేవడం, దాన్నే గో అరౌండ్ అంటారు. థ్రాటిల్ ఫుల్, వెంటనే కడ్డీ, ముక్కు సరిగ్గా ఉండి ఎత్తు పెరుగుతున్నాకే ఫ్లాపులు, ఒక్కో మెట్టు. అదే సమయంలో ముక్కు పైకి ఎగరడానికి బలంగా నెడుతుంది, దాన్ని ఒక్క ఎడమ చెయ్యే ఆపాలి. అందుకని దిగేటప్పుడు ముక్కు పైకి ఉండేలా ట్రిమ్ మరీ ఎక్కువ పెట్టకండి. ఈ ఒక్క మెళకువ మా ఇన్‌స్ట్రక్టర్ మూడో వారంలో చెప్పారు, మొదటి వారంలో తెలిసి ఉంటే నా మణికట్టుకి చాలా నొప్పి తగ్గేది.

ఇదంతా ఇంట్లో సాధన చెయ్యొచ్చు. డైనింగ్ కుర్చీలో కూర్చుని, అప్పడాల కర్ర మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని, స్టీలు గ్లాసు థ్రాటిల్ అనుకుని, కళ్లు మూసుకుని రోజూ ఇరవైసార్లు చేసేవాణ్ణి. "థ్రాటిల్, లాక్, కడ్డీ, యోక్" అని పైకే అంటూ. మా ఆవిడ వంట చేస్తూ పక్క నుంచి హఠాత్తుగా "గో అరౌండ్" అనేది, చెయ్యి ఎటు పోతుందో చూసుకునేవాణ్ణి. గంటకి డబ్బు కట్టి గాల్లో నేర్చుకునేదాంట్లో సగం ఇక్కడే వచ్చేస్తుంది.

పక్కగాలికి హద్దు పెట్టుకోండి. ఎడమ నుంచి గాలి కొడితే రెక్క ఎడమకి వంచి కుడి రడ్డర్ పట్టుకోవాలి, నాకు అదే కష్టం, అందుకే ఒంటరిగా వెళ్లేటప్పుడు పక్కగాలి 8 నాట్లు (గంటకి దాదాపు 15 కిలోమీటర్లు) దాటితే వెళ్లను. మీ హద్దు మీ ఇన్‌స్ట్రక్టర్‌తో కూర్చుని కాగితం మీద రాసుకోండి.

బయలుదేరే ముందు తనిఖీ మీరే చెయ్యాలి. రెక్క కింద వాల్వు నుంచి చిన్న గ్లాసులోకి పెట్రోల్ తీసి వెలుతురుకి పట్టి చూడటం అందులో ముఖ్యమైనది. మన విమానాల పెట్రోల్ లేత నీలం రంగులో ఉంటుంది, నీళ్లు కలిసి ఉంటే అడుగున రంగు లేని బుడగలా విడిగా కనిపిస్తుంది. వంగలేకపోతే నేల మీద కూర్చుని చెయ్యండి, నేను చిన్న పీట లాంటి స్టూల్ తీసుకెళ్తాను. ఇంకొకరి చేత గ్లాసు పట్టించినా తప్పులేదు, కానీ మీ కళ్లతో చూడాలి, బాధ్యత మీదే.

వెన్నుపూస దెబ్బ తిన్నవాళ్లకి ఇంకో రెండు మాటలు. స్పర్శ లేనిచోట చెమట కూడా సరిగ్గా పట్టదు, టెక్సాస్ ఎండలో కాక్‌పిట్ పొయ్యిలా ఉంటుంది, పొద్దున్నే వెళ్లండి. బాత్రూమ్ భయంతో నీళ్లు తాగడం మానేయకండి, నీరసం గాల్లో ప్రమాదం, ఎక్కేముందు కాథెటర్ పని చూసుకుని పాఠం గంటలోపు ఉండేలా పెట్టుకోండి. పుండ్లు పడకుండా మీరు వాడే కుషన్ సీటు మీద వేసుకుంటే ఎత్తు మారుతుంది, కళ్ల ఎత్తు మారితే దిగేటప్పుడు అంచనా మారుతుంది, కాబట్టి ప్రతిసారీ అదే కుషన్ వాడండి.

డబ్బు విషయం. అమెరికాలో 2006లో మొదలైన ఏబుల్ ఫ్లైట్ అనే సంస్థ వైకల్యం ఉన్నవాళ్లకి స్కాలర్‌షిప్ ఇచ్చి విమానం నడపడం నేర్పిస్తుంది, ఇండియానాలోని పర్డ్యూ యూనివర్సిటీతో కలిసి 2010 నుంచి శిక్షణ ఇస్తున్నారు. బ్రిటన్‌లో ఉన్న మనవాళ్లయితే బ్లాక్‌బుష్ ఎయిర్‌పోర్టులో ఉన్న ఏరోబిలిటీని అడగండి, డగ్లస్ బాడర్ జ్ఞాపకార్థం మొదలైన ఫ్లయింగ్ స్కాలర్‌షిప్స్ ఫర్ డిసేబుల్డ్ పీపుల్ అనే సంస్థ కూడా బ్రిటన్‌లోనే ఉంది. వాళ్ల దగ్గర మార్పులు చేసిన విమానాలు, అలవాటైన ఇన్‌స్ట్రక్టర్లు ఉంటారు, డబ్బు రాకపోయినా సలహా కోసమైనా రాయండి.

ఒంటరిగా మొదటిసారి వెళ్లే ముందు ఒక పని తప్పకుండా చెయ్యండి. ఇంజిన్ ఆపేసి, ఇన్‌స్ట్రక్టర్‌ని కిందకి దింపి, మీరొక్కరే విమానంలోంచి బయటికి రండి, ఎవరూ చెయ్యి వెయ్యకుండా. చెరోకీ తలుపుకి రెండు గొళ్లాలు ఉంటాయి, ఒకటి పక్కన, ఒకటి పైన. ఎడమ సీట్లో కూర్చుంటే రెండూ అందవు, ముందు బెల్టు తీసి, కాలి పట్టీ విప్పి, కుడి సీట్లోకి జరిగాకే అందుతాయి. మొదటిసారి నాకు మూడు నిమిషాలు పట్టింది, కంగారులో కాలి పట్టీ విప్పడం మర్చిపోయి సగం జరిగి ఆగిపోయాను. పట్టీ ముడి మార్చి, ఒక్క లాగుతో ఊడేలా కట్టుకున్నాక నలభై సెకన్లకి వచ్చింది. చివరి పరీక్ష రోజున ఇన్‌స్పెక్టర్ దిగి రెక్క పక్కన నిలబడి, "ఇప్పుడు మంట అనుకో, బయటికి రా" అన్నారు. పట్టీ, బెల్టు, కుడి సీటు, పై గొళ్లెం, పక్క గొళ్లెం, రెక్క. కర్ర లోపలే వదిలేశాను. ఆయన తన చేతి గడియారం చూసుకుని, కాగితం మీద ఏదో రాసుకుని, లోపలికి వంగి వెనక సీట్లోంచి నా కర్ర తీసి అందించారు.